ఒక్క చుక్క చేసే చేటు

పిల్లలూ! ఫ్రాన్స్ దేశంలో 'మాకరోన్' అనే తీపి బిళ్ళలు చేస్తారు. వాటిలో వంట సోడా గానీ, ఈస్టు గానీ వేయరు. అయినా పొంగుతాయి. ఎలా?

గుట్టంతా గుడ్డు తెల్లసొనలో ఉంది. అందులో దాదాపు 90 శాతం నీరు. మిగిలినది చాలావరకు ప్రోటీన్లు. ప్రోటీన్ అణువులు దారపు ఉండల్లా చుట్టుకొని ఉంటాయి. తీగల గరిటెతో గిలక్కొడితే ఆ ఉండలు విడి, గాలి బుడగల చుట్టూ పొరలా అల్లుకుంటాయి. అదే నురగ. కొద్దికొద్దిగా పంచదార చేరిస్తే నురగ గట్టిపడి నిలుస్తుంది.

ఇందులో బాదం పొడి, పంచదార పొడి జల్లించి కలుపుతారు. కాగితం మీద గుండ్రంగా పోసి అరగంట ఆరనిస్తారు. పైన పలుచని పొర కడుతుంది. ఓవెన్‌లో సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగలగానే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, నీరు ఆవిరవుతుంది. పై పొర అడ్డుపడటంతో బిళ్ళ అడుగునుండి పైకి లేస్తుంది. అందుకే దాని చుట్టూ కింద గరుకైన అంచు కనిపిస్తుంది.

కాని గిన్నెకు జిడ్డున్నా, పచ్చసొన చుక్క పడినా శ్రమంతా వృథా! బుడగల చుట్టూ ప్రోటీన్లు చేరవలసిన చోటును కొవ్వు ఆక్రమిస్తుంది.

చేసి చూడండి: రెండు శుభ్రమైన గిన్నెల్లో ఒక్కొక్క తెల్లసొన తీసుకోండి. ఒకదానిలో పచ్చసొన చుక్క వేయండి. రెండింటినీ సమానంగా గిలక్కొట్టండి. పచ్చి గుడ్డు రుచి చూడకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఏ గిన్నెలో నురగ తక్కువ? కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు!