ఫోను ఆటలును, ఇంటి పెద్దల బాధ్యతయు

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:22–25, 3:11–14, జెకర్యా 8:4–5, ఎఫెసీ 6:4.



గృహదర్శనములకు వెళ్లినప్పుడు తల్లులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యగారూ, పిల్లవాడు ఫోనులో ఆటలాడుట పాపమా?" అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పివేయవచ్చును. అట్టి జవాబు వలన ఆ తల్లికి మరునాటి ప్రొద్దున ఏ సహాయమును కలుగదు.

ఆట పాపము కాదు. దేవుడు యెరూషలేమును తిరిగి నిలుపు దినమును జెకర్యా వర్ణించునప్పుడు, చేతికర్రలు పట్టుకొనిన వృద్ధులను, వీధులనిండ ఆడుకొను మగపిల్లలను, ఆడపిల్లలను చూపించుచున్నాడు. గోలీలు, బిళ్లంగోడు ఆడి పెరిగిన మనము పిల్లలకు ఆటయే వద్దనుట న్యాయము కాదు. అయితే ప్రవక్త చూచిన ఆట పెద్దల కన్నుల యెదుట జరిగినది. ఫోనులోని ఆట దుప్పటి క్రింద జరుగుచున్నది.

ఇక ఏలీని చూడుడి. అతడు కుమారులను గద్దింపనేలేదని కొందరు చెప్పుదురు గాని అది సరికాదు. 2వ అధ్యాయములో అతడు వారిని పిలిచి ప్రశ్నించెను, హెచ్చరించెను. 3:13లో అతనిపై మోపబడిన నేరము వేరు: సంగతి యెరిగియుండియు అతడు వారిని అడ్డగింపలేదు. మన యిండ్లలోను ఇట్లే యున్నది. "ఫోను పెట్టురా" అని తల్లి ప్రొద్దుననుండి రాత్రివరకు అరచుచునే యుండును. ఫోను మాత్రము పిల్లవాని చేతిలోనే యుండును. ఏలీ కుమారులు ఎదిగిన యాజకులు. మన పిల్లలు ఇంకను మాట వినదగిన వయస్సువారు, అంతవరకు మనకు మేలు.

అడ్డగించువాడు ఆ ఆట సంగతి కొంత యెరిగియుండవలెను. మన పిల్లలు పబ్జీ అని పిలుచు ఆటను ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినది. అది 2021లో బీజీఎంఐ అను పేరుతో వచ్చి, 2022లో ఆగి, 2023లో మరల వచ్చినది. ప్రభుత్వమే చూచుకొనునని కూర్చుండరాదనుటకు ఇది చాలును. ఇందులో వందమంది వరకు ఒక దీవిలో దిగుదురు. కడకు మిగిలినవారు గెలుతురు. ఒక్కొక్క పోటీ సుమారు అరగంట పట్టును. నలుగురు స్నేహితులు జట్టు కట్టుదురు. నడుమ లేచినవాడు జట్టును విడిచినవాడగును. భోజనమునకు పిలిచినప్పుడు వాడు కసరుకొనుటకు కారణమిదియే. తండ్రి కోపముతో ఫోను లాగికొనును, వాడు అన్నము మానును. తండ్రులు బిడ్డలను రేపరాదని పౌలు ఎఫెసీయులకు వ్రాసినది ఇట్టి యింటికే తగును. కాబట్టి నిమిషములు లెక్కించుటకంటె పోటీలు లెక్కించుట మేలు. అది ముగిసిన వెంటనే ఫోను పెద్దల చేతికి రావలెను.

ఎంత అనుమతింపవలెను? రెండేండ్లు నిండనివారికి తెరయే వద్దనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఏడ్చు బిడ్డకు అన్నము తినిపించుటకు ఫోనిచ్చు తల్లులు ఇది గమనింపవలెను. పెద్దపిల్లల విషయములో చైనా దేశము 2021లో శుక్ర, శని, ఆదివారములందును సెలవు దినములందును రాత్రి 8 మొదలు 9 వరకు మాత్రమే అని శాసించినది. మన దేశములో అట్టి గంటల శాసనము లేదు. ఇంటిలో మనమే చేసికొనవలెను. నా తలంపేమనగా, బడి దినములలో చదువైన తరువాత ఒక పోటీ, సెలవునాడు రెండు. రాత్రి భోజనమైన పిమ్మట ఏమియు లేదు. ఆటను ఆపలేక, చదువు చెడినను నిద్ర చెడినను నెలల తరబడి విడువలేనివానిని గద్దించి లాభము లేదు; వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఆ సంస్థ దీనిని వ్యాధుల పట్టికలో చేర్చియున్నది.

డబ్బు మాట వేరు. తండ్రి కూలి డబ్బు వచ్చు ఫోనే పిల్లవాని ఆట ఫోను. ఆటలో తుపాకులకు, వేషములకు రంగులు అమ్ముదురు. ఫోనుపే రహస్య సంఖ్య పిల్లవానికి తెలిసినచో నేడే మార్చుడి. పందెపు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025లో పార్లమెంటును అట్టి చట్టము చేసినది. రమ్మీయైనను అందులో బేరమాడుటకు చోటు లేదు.

ఈ నెల ఒక రాత్రి కుటుంబ ప్రార్థనయైన తరువాత ఇంటి ఒప్పందమును పిల్లవాని చేతనే ఒక కాగితముమీద వ్రాయించి, గోడకు అంటించుడి. అందులో తండ్రి ఫోనునుగూర్చియు ఒక వరుస యుండవలెను. లేనియెడల వాడు అడిగి తీరును.