చిన్నోడా, కొనే ముందు ఒక్కసారి చదువు

ఎల్లారెడ్డి

చిన్నోడా,

 

నువ్వు ఫోన్‌ల చెప్పిన మాటే మనసుల తిరుగుతున్నది. షేరు సగానికి పడ్డదట, అందరూ అమ్ముకుంటున్నరట, అందుకే మక్కల పైసలన్నీ పెట్టి నువ్వు కొంటవట. తొందరెందుకురా నీకు? ధైర్యమున్న పిల్లగానివి, కాదనను. కానీ ధర పడ్డదని చెప్పినవు గానీ, కంపెనీ ఎంత సంపాదిస్తున్నదో ఒక్క ముక్క చెప్పలేదు.

మీ తాత పొలం బేరానికి పోతే మొదలు అడిగేది కౌలు ఎంతొస్తదని. ఎకరం ధర ఎన్నేండ్ల కౌలుకు సమానమో వేళ్ల మీద లెక్క కట్టి, అప్పుడు నోరు తెరిచేటోడు. షేరుకూ అదే లెక్క బిడ్డా. ధరను ఒక్క షేరు మీద ఏడాదికి వచ్చే లాభంతో భాగించు. 25 వచ్చిందంటే, నువ్వు పెట్టే నూరు మీద కంపెనీ సంపాదన నాలుగు రూపాయలే.

2008 జనవరిల పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 6,300 దాకా పోయింది, లాభాలకు 27 రెట్ల పైన. అప్పుడు అందరూ కొనుడే. అక్టోబరు ఆఖరుకు 2,500 కాడికి పడి, 12 రెట్ల లోపలికొచ్చింది. అప్పుడు భయపడకుండ కొన్నోళ్ల సొమ్ము 2009 ముగిసేసరికి రెట్టింపాయె. జనవరిల కొన్నోళ్లకు 2010 దీపావళికి ఒకసారి అసలు కనబడ్డది, మళ్లీ జారిపోయింది. ఆ ఎత్తు దాటాలంటే 2013 చివరిదాకా ఆగాల్సొచ్చింది. అవే కంపెనీలు, కొన్న ధరే వేరు.

ఇగ నీకు అసలు చెప్పాల్సింది సత్యం కంప్యూటర్స్ సంగతి. 2008 డిసెంబరుల చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటమన్న గొడవతోని ఆ షేరు కుప్పకూలింది. లెక్కల ప్రకారం చూస్తే చవకే, మంచి హైదరాబాద్ కంపెనీ, జనం ఊకెనే భయపడుతున్నరని కొన్నోళ్లున్నరు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. ఖాతాలల్ల చూపిన నగదుల 5,040 కోట్లు లేనే లేవు. 24 శాతమని చూపిన లాభం నిజానికి 3 శాతమే. దాదాపు 179 రూపాయల షేరు ఆ ఒక్క రోజే 40కి దిగింది. ఏప్రిల్‌ల టెక్ మహీంద్రా దాన్ని కొన్నది షేరుకు 58 లెక్కన. లాభమే అబద్ధమైతే దాంతోని భాగించి ఏం లాభం? ఆ దొంగ లెక్కలు బయటోళ్లకు కనబడలేదు, నిజమే. కానీ కంపెనీ పెట్టినోళ్ల, అంటే ప్రమోటర్ల, వాటా ఏటేటా కరిగి 9 శాతం లోపలికొచ్చిన సంగతి అందరి కండ్ల ముందరనే ఉండె.

కోప్పడ్డనని మనసుల పెట్టుకోకు. నువ్వు కొననే వద్దంటలేను. ఆ కంపెనీ ప్రమోటర్ల వాటా ఎంత, అందుల కుదువబెట్టింది ఎంత, అప్పు ఎంత, మంచేడు చెడ్డేడు కలిపి అయిదారేండ్ల సగటు లాభం ఎంత, ఇవన్నీ కాయితం మీద రాసుకొని ఆదివారం ఎల్లారెడ్డికి రా. కలిసి చూద్దాం. అప్పటిదాకా మక్కల పైసలు బ్యాంకులనే ఉండనీ.

నీ చిన్నమ్మ