నాలుగు అక్షరాల గ్రంథం



మన తెలుగు వర్ణమాలలో 56 అక్షరాలు ఉన్నాయి. మన శరీరంలోనూ ఒక గ్రంథం ఉన్నది. అది నాలుగే అక్షరాలతో వ్రాయబడినది. ఆ గ్రంథం పేరు డి.ఎన్.ఏ.

మన శరీరం కోట్లాది కణాలతో నిర్మితమైనది. దాదాపు ప్రతి కణంలోని కేంద్రకంలోనూ డి.ఎన్.ఏ. ఉంటుంది. అది మెలితిరిగిన నిచ్చెన వంటిది. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనునవి దాని అక్షరాలు. వీటిని ఎ, టి, జి, సి అని వ్రాస్తారు. ఎ అక్షరం టితోను, జి అక్షరం సితోను జతకడుతుంది. ఒక్కొక్క జత ఒక్కొక్క మెట్టు.

ఈ అక్షరాలు మూడేసి కలిసి ఒక పదమవుతుంది. మన ఛందస్సులో గురువు, లఘువు అనే రెండింటిని మూడేసిగా కూర్చితే 8 గణాలు వస్తాయి కదా! అట్లే నాలుగు అక్షరాలను మూడేసిగా కూర్చితే 64 పదాలు వస్తాయి. వాటిలో 61 పదాలు 20 రకాల ఆమైనో ఆమ్లాలను సూచిస్తాయి. మిగిలిన 3 పదాలు వాక్యం ముగిసినదని తెలుపుతాయి. ఆమైనో ఆమ్లాలు దండలో పూసలవలె వరుసగా చేరితే ప్రోటీన్ ఏర్పడుతుంది. ఒక ప్రోటీన్‌ను ఎట్లా తయారుచేయాలో తెలిపే డి.ఎన్.ఏ. భాగాన్ని జన్యువు అంటారు. జన్యువులలో సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి మనకు వస్తాయి.

జర్మనీలో ఎల్బె నది ఒడ్డున డ్రెస్డెన్ నగరం ఉన్నది. అక్కడి మాక్స్ ప్లాంక్ పరిశోధనాలయం వారు, ఇతర నగరాల శాస్త్రవేత్తలతో కలిసి, 2018లో ఆక్సొలాటిల్ అనే ఉభయచర జీవి గ్రంథాన్ని చదివి ప్రకటించారు. దాని కాలు తెగినా మళ్ళీ మొలుస్తుంది. మనిషి గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, దాని గ్రంథంలో 3,200 కోట్లు ఉన్నాయి! అక్షరాల సంఖ్యను బట్టి ఎక్కువ తక్కువలు ఎంచరాదని దీనివలన తెలుస్తున్నది.

అదే నగరంలో 1912లో స్థాపితమైన ఆరోగ్య మ్యూజియం ఉన్నది. 1933లో నాజీలు అధికారానికి వచ్చిన తరువాత, కొందరు మనుషులు పుట్టుకతోనే తక్కువవారని ప్రచారం చేయుటకు దానిని వాడుకొన్నారు. డి.ఎన్.ఏ. ఆకారమే 1953 వరకు ఎవరికీ తెలియదు. చదవని గ్రంథాన్ని సాక్ష్యంగా చూపి మనుషులను హింసించారు. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఏ ఇద్దరు మనుషుల గ్రంథాలను పోల్చినా, వెయ్యి అక్షరాలకు సుమారు ఒక్కటి మాత్రమే వేరుగా ఉంటుందని నేడు మనకు తెలుసు.

మా తాతగారు కొబ్బరి తోటలో కూలిపని చేసేవారు. నా చిన్నతనంలో ఒక పెద్దమనిషి, "తోటవారి రక్తంలో చదువు లేదు" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించినది. ఉపాధ్యాయ శిక్షణలో జన్యువుల పాఠం చదివిన నాడు ఆ బాధ తీరినది. కూలి అనిగానీ, దొర అనిగానీ వ్రాసి ఉన్న జన్యువు లేదు.

మరొక మాట కూడా గుర్తుంచుకోండి. తాతగారి కంటి రంగు జన్యువుల ద్వారా మీకు రావచ్చును. తాతగారి తెలుగు మాత్రం అట్లా రాదు. దానిని ఎవరో ఒకరు నేర్పాలి, మీరు నేర్చుకోవాలి. అందుకే మన తరగతి ఉన్నది.

అభ్యాసం

1. ఎ టి జి సి సి ఎ: ఈ వరుసకు ఎదుటి జత అక్షరాలను వ్రాయండి.
2. పై వరుసలో మూడేసి అక్షరాల పదాలు ఎన్ని ఉన్నాయి?
3. మీకు పుట్టుకతో వచ్చినవి మూడు, నేర్చుకొన్నవి మూడు వ్రాయండి. ఇంటిలోని పెద్దలకు చదివి వినిపించండి.