ఒక్క మేకును నమ్మకుము

చదువుకొనవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 27 మొదలు 29 వరకు



పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కుకొనిన సంగతి మనమందరము ఎరిగినదే. నడిరాత్రి వేళ నీళ్ల లోతు తగ్గుచున్నదని నావికులు కనిపెట్టిరి. ఓడ రాళ్లకు తగులునేమో అను భయముచేత వెనుకతట్టున లంగరులు వేసిరి. ఎన్ని వేసిరి? ఒకటి కాదు, నాలుగు. నాలుగు ఏల అని మనలో ఎందరము అడిగితిమి? ఈ నెల పాఠములో ఆ ప్రశ్నకు జవాబును ఓడవారి యొద్ద గాక, నిట్టనిలువు బండలెక్కువారి యొద్ద వెదకుదము. వారును తమ తాడును బండకు కట్టుకొను ఏర్పాటుకు లంగరు అనియే పేరు పెట్టుకొనిరి.

1. లంగరు అనగా నేమి?

మన గీతపనివాడు తాటిచెట్టు ఎక్కునప్పుడు మోకును మ్రాను చుట్టు వేసికొనును. కాలు జారినను మోకు పట్టుకొనును. నున్నని బండకు మోకు చుట్టుటకు మ్రాను ఎక్కడిది? కావున బండలెక్కువారు ఇద్దరేసి ఒక తాడుకు కట్టుకొందురు. ముందు పోవువాడు కొంత దూరమెక్కి, బండ నెఱ్ఱెలలో పనిముట్లు బిగించి, వాటికి తన్ను కట్టుకొని, అక్కడనుండి రెండవవానిని తాడుతో కాచుచు పైకి రప్పించును. ఆ పనిముట్లన్నియు కలిసి పట్టుకొను చోటే లంగరు. అది ఊడినయెడల ఒకడు కాదు, ఇద్దరును పోవుదురు. నా లంగరు నా యిష్టము అని చెప్పుటకు ఆ తాడు మీద ఎవనికిని వీలులేదు.

2. మేకులు చేసిన కమ్మరులు

అమెరికా దేశములో కాలిఫోర్నియా రాష్ట్రమందు యోసెమిటీ అను లోయ కలదు. అందు ఎల్ కాపిటాన్ అను బండ సుమారు 3,000 అడుగులు నిట్టనిలువుగా నిలిచియున్నది. స్విట్జర్లాండులో పుట్టి కాలిఫోర్నియాకు వచ్చిన జాన్ సలాతే అను కమ్మరి, మెత్తని ఇనుప మేకులు ఆ గట్టి రాతిలో వంగిపోవుట చూచి, 1940ల కాలములో గట్టి ఉక్కుతో మేకులు సాగగొట్టెను. వీటిని పిటానులందురు. సుత్తితో కొట్టునప్పుడు మేకు మ్రోత క్రమముగా సన్నమై పైస్థాయికి పోయినయెడల అది బాగుగా దిగుచున్నదని గుర్తు; మ్రోత బోలుగా ఉన్నయెడల దానిని నమ్మరాదు. మన ఆడువారు కుండను వ్రేలితో తట్టి కొనునట్లే వారును చెవితో పరీక్షించిరి.

1957లో ఈవాన్ షూనార్డ్ అను యౌవనుడు పాత కొలిమి ఒకటి కొని, కమ్మరపని స్వయముగా నేర్చుకొని, పిటానులు చేసి కారు వెనుక పెట్టుకొని అమ్మెను. క్రమముగా ఆ వ్యాపారము బహుగా వృద్ధి చెందెను. అయితే ఒక చిక్కు బయలుపడెను. మేకులు కొట్టి, మరల ఊడదీసి, మరల కొట్టుటవలన నెఱ్ఱెలు చితికి గుంటలు పడుచుండెను. తన చేతిపనియే తనకు ప్రియమైన బండను పాడుచేయుచున్నదని అతడు గ్రహించెను. 1972లో ఆయనయు, ఆయన భాగస్వామి టామ్ ఫ్రాస్టును తమ అమ్మకపు పుస్తకములోనే ఆ సంగతి ఒప్పుకొని, సుత్తి లేకుండ చేతితో నెఱ్ఱెలో ఇరికించి మరల చేతితోనే తీసికొనగల నట్లను వాడుడని ప్రకటించిరి. తన జీవనాధారమైన సరుకును తానే వద్దని చెప్పుట ఎంత కష్టమో, అంగడి నడుపు సహోదరులకు తెలియును.

ఈ నట్ల కథయు వినదగినదే. బ్రిటనులో కొండలెక్కువారు మొదట గులకరాళ్లను నెఱ్ఱెలో ఇరికించి వాటి చుట్టు తాడు వేయుచుండిరి. తరువాత రైలుదారి ప్రక్కన పడియున్న ఇనుప నట్లను ఏరుకొని, రంధ్రములో తాడు దూర్చి వాడిరి. 1960ల ఆరంభములో ఇందుకొరకే నట్లు చేయించి అమ్మసాగిరి. 1978 నుండి రే జార్డిన్ కనిపెట్టిన సాధనము అమ్మకమునకు వచ్చెను. లాగినకొలది దాని రెక్కలు నెఱ్ఱె గోడలను అంత గట్టిగా ఒత్తుకొనును. దానికి పెట్టిన పేరు ఫ్రెండ్, అనగా స్నేహితుడు! బరువు పడినప్పుడు మరింత గట్టిగా పట్టుకొనువాడే గదా స్నేహితుడు.

3. మంచి లంగరునకు మూడు లక్షణములు

మొదటిది, ఒక్కదానిని నమ్మరాదు. రెండు మూడు పనిముట్లు వేరువేరు చోట్ల ఉండవలెను. ఒకే వదులు బండకు మూడు మేకులు కొట్టినయెడల అవి మూడు కావు, ఒకటే. బండతో కూడ మూడును వచ్చును.

రెండవది, బరువు అన్నిటి మీదను సమముగా పడవలెను. ఇక్కడ కోణము ముఖ్యము. రెండు పనిముట్లనుండి దిగు తాళ్ల నడుమ కోణము 60 డిగ్రీలైనయెడల, 100 కిలోల బరువునకు ఒక్కొక్కదాని మీద సుమారు 58 కిలోల లాగుడు పడును. 90 డిగ్రీలైన సుమారు 71. 120 డిగ్రీలైన ఒక్కొక్కదాని మీద 100 కిలోలు! అంతకు మించి వెడల్పు చేసినయెడల రెండు మేకులుండుట ఒక్కటి ఉండుటకంటె అన్యాయమగును. నమ్మకము లేనియెడల మీ దండెము చూడుడి. బిగువుగా లాగి కట్టిన దండెము మీద తడిసిన దుప్పటి వేసినప్పుడు గుంజలు రెండును లోపలికి వంగును. కొంచెము వదులుగా కట్టినప్పుడు నిలుచును.

మూడవది, ఒకటి ఊడినయెడల మిగిలినవాటి మీద హఠాత్తుగా కుదుపు పడకూడదు. నడుమ వదులు తాడు మిగులకుండునట్లు ముడి వేయవలెను.

ఈ పాఠము మనకు దూరమైనది కాదు. మన భువనగిరి కోట బండ మీద బండలెక్కుట నేర్పు బడి ఏర్పడినది. అక్కడ ఆరంభ శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, 13 సంవత్సరములు నిండి 14 నిండకమునుపే, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరెను.

4. పాత స్నేహితుల పరిహాసములు

ఇంత ప్రాణాపాయములో నుండువారు ముఖములు మాడ్చుకొని యుందురని తలంతురేమో. అట్లు కాదు. ఎల్ కాపిటాన్ ముక్కు వంటి అంచును మొదట ఎక్కినవారు వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జి విట్‌మోర్. వారు 1958 నవంబరు 12న శిఖరము చేరిరి. అందొక చోట నెఱ్ఱెలు వారి మేకులకంటె వెడల్పుగా నుండగా, పారవేసిన పాత పొయ్యిల కాళ్లను మేకులుగా వాడిరి. నేటికిని ఆ చోటికి పొయ్యికాళ్ల నెఱ్ఱెలనియే పేరు. ఆ హార్డింగే తాను కల్పించిన పనిముట్లకు ఇంగ్లీషులో గబ్బిలమను అర్థము వచ్చు మూడక్షరముల పేరు పెట్టి, ఆ అక్షరములకు "మొదలంట అర్థములేని పనితనము" అని వివరణ చెప్పుచుండెను.

అయితే వారి పరిహాసము ఉత్త కాలక్షేపము కాదు. మా మేనమామ సంగతి చెప్పెదను. వేసవిలో బావి పూడిక తీయునప్పుడు ఆయన తాడును గుంజకు కట్టి ఊరుకొనక, రెండవ తాడును చింతచెట్టుకు కూడ కట్టించుచుండెను. కుఱ్ఱవాండ్రు నవ్వి, "మామా, ఇంకొక కొస అత్త జడకు కట్టరాదా?" అనిరి. "జడ గట్టిదేరా, కాని ఆమెకు కోపమొస్తే ముడి విప్పేస్తుంది" అని ఆయన నవ్వెను గాని చింతచెట్టు ముడి మాత్రము విప్పలేదు. ఒకనాడు తడిసిన నేలలో గుంజ పెకలి వచ్చెను. బావిలో దిగినవాడు ఎగతాళి చేసిన కుఱ్ఱవాండ్రలో ఒకడే. చింతచెట్టు తాడు అతనిని పట్టుకొనెను. పైకి వచ్చినవాడు చాలసేపు మాటలాడలేదు. మరుసటి వేసవిలో మామయ్యకంటె ముందే ఆ చెట్టునకు తాడు కట్టినవాడు అతడే.

పాత స్నేహితుడు నవ్వుచు, "ఆ ముడి నీవు వేసినదా, నీ మనుమడు వేసినదా?" అని అడిగినప్పుడు, ఆ నవ్వులో ఒక తనిఖీ ఉన్నది. కోపముగా చెప్పినయెడల పౌరుషము అడ్డువచ్చును. నవ్వుచు చెప్పినయెడల మనిషి వంగి తన ముడి చూచుకొనును.

5. నవ్వు ఆగవలసిన చోటు

లిన్ హిల్ అను స్త్రీ ఈ విద్యలో లోకప్రసిద్ధురాలు. 1989లో ఫ్రాన్సులోని బ్యూ అను చోట ఆమె తన నడుము ముడి సగము వేసి, వేరొక సంగతివైపు మనస్సు మరలి, ముడి పూర్తి చేయక ఎక్కెను. పైకి చేరి తాడు మీద వెనుకకు వాలినప్పుడు 70 అడుగులకు పైగా పడెను. చెట్టు కొమ్మలు అడ్డుపడుటచేత ప్రాణము దక్కెను. బండ గట్టిదే, లంగరు గట్టిదే. వాటితో ఆమెను కలుపు ముడియే లేదు. ఆమె ఆ విద్యను విడువలేదు. 1993లో ఎల్ కాపిటాన్ ముక్కు అంచును, సాధనముల మీద బరువు మోపక చేతులతోను కాళ్లతోను ఎక్కినవారిలో మొదటి వ్యక్తి ఆమెయే.

కొత్తవాడు భయముచేత రెండుమారులు చూచుకొనును. పాతవాడు అలవాటుచేత చూచుకొనడు. అందుచేతనే అనుభవముగలవారు ముడి వేయుచుండగా ఎవరును పలుకరింపరాదనియు, ఎక్కకముందు ఒకరి ముడిని ఒకరు చూడవలెననియు నియమము పెట్టుకొనిరి. పరిహాసము ముడికి ముందు, పరిహాసము ముడికి తరువాత. ముడి వేయునప్పుడు మౌనము.

నాలుగు లంగరులు వేసిన నావికులు పిరికివారు కారు. ఏది పట్టునో, ఏది జారునో చీకటిలో కనబడదని ఎరిగినవారు.

ఇంట కూర్చుండి ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంటి బరువంతయు ఒక్క మనిషి మీద, లేక ఒక్క పంట మీద వ్రేలాడుచున్నదా?
2. మూడు ఆధారములున్నవని మనమనుకొనునవి నిజముగా ఒకే వదులు బండకు కొట్టిన మేకులు కావు గదా?
3. మన తప్పును నవ్వుచు చెప్పగల స్నేహితుడు మనకున్నాడా? చెప్పినప్పుడు మనము వంగి చూచుకొందుమా?
4. బహుకాలము చేసిన అలవాటుచేత మనము సగములో విడిచిన ముడి ఏది?