ఫోన్‌లో నడిచే ప్రతి ప్రాసెస్ ఒక ఫోల్డరే: /ప్రాక్ అంటే ఏంటి? ర్యామ్ బూస్టర్ యాప్‌లకి నిజంగా ఏం కనిపిస్తుంది?

"మీ ఫోన్‌లో 34 యాప్‌లు బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తున్నాయి, వెంటనే క్లీన్ చేయండి!" ఇలాంటి నోటిఫికేషన్ మీలో చాలామంది చూసే ఉంటారు. బటన్ నొక్కగానే ఒక రాకెట్ బొమ్మ ఎగురుతుంది, "1.2 జీబీ ఖాళీ అయింది" అని వస్తుంది. మనం కూడా ఫోన్ కాస్త తేలికపడిందని అనుకుంటాం.

కానీ నాకు ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది. ఆ 34 అనే నంబర్ ఆ యాప్‌కి ఎక్కడి నుంచి వచ్చింది? పక్క యాప్ నడుస్తోందో లేదో ఒక యాప్‌కి ఎలా తెలుస్తుంది? దీనికి సమాధానం లైనక్స్ కెర్నల్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉంది. ఆండ్రాయిడ్ కింద నడిచేది లైనక్స్ కెర్నలే కాబట్టి అది మీ ఫోన్‌లో కూడా ఉంది. ఈ పాఠంలో ఆ ఫోల్డర్‌ని తెరిచి చూద్దాం. చివరికి ఆ నోటిఫికేషన్‌ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలిసిపోతుంది.

/ప్రాక్ అంటే ఏంటి?

ప్రాక్ అంటే ప్రాసెస్ అనే మాటకి షార్ట్ ఫామ్. ఇంగ్లీష్‌లో పీ, ఆర్, ఓ, సీ అనే నాలుగు చిన్న అక్షరాలు. రూట్ డైరెక్టరీలో, అంటే స్లాష్ కింద, ఈ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. దాని లోపలికి వెళ్తే 1, 412, 9873 ఇలా నంబర్ల పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కో నంబర్ ఒక్కో ప్రాసెస్ ఐడీ, అంటే పిడ్. ప్రాసెస్ మొదలవగానే దాని పేరున ఫోల్డర్ వస్తుంది, ముగిసిపోగానే మాయమవుతుంది.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, ఈ ఫోల్డర్లు మీ 128 జీబీ స్టోరేజ్‌లో ఎక్కడా లేవు. లోపలి ఫైల్స్ సైజ్ చూస్తే 0 బైట్లు అని ఉంటుంది. అయినా తెరిస్తే బోలెడంత టెక్స్ట్ వస్తుంది. ఎలా? మీరు ఫైల్‌ని చదవమని అడిగిన క్షణంలో కెర్నల్ తన దగ్గరున్న లెక్కలు చూసి, ఆ టెక్స్ట్‌ని అప్పటికప్పుడు తయారు చేసి ఇస్తుంది. హోటల్లో ఆర్డర్ ఇచ్చాక పెనం మీద దోసె వేసినట్టు అన్నమాట. ముందే వేసి పెట్టిన దోసెలు ఉండవు. అందుకే దీన్ని వర్చువల్ ఫైల్ సిస్టమ్ అంటారు.

ఇందువల్ల లాభం ఏంటి? ప్రాసెస్‌ల గురించి తెలుసుకోవడానికి కొత్త భాషేమీ నేర్చుకోనక్కర్లేదు. ఫైల్ తెరవడం, చదవడం, మూసేయడం వస్తే చాలు. పీఎస్, టాప్ లాంటి కమాండ్లు కూడా లోపల చేసేది ఇదే. /ప్రాక్‌లోని నంబర్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి, చదివి, మనకి టేబుల్‌లా చూపిస్తాయి.

ఈ ఐడియా ఎవరిది?

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కిలియన్ 1984లో "ప్రాసెసెస్ యాజ్ ఫైల్స్" అనే పేపర్‌లో దీన్ని వివరించాడు. అప్పట్లో ఒక్కో ప్రాసెస్‌కి ఒక్క ఫైలే ఉండేది. ఆ ఫైల్‌ని తెరిస్తే ప్రాసెస్ మెమరీ కనిపించేది. డీబగ్గర్లు రాసేవాళ్ల పని సులువు చేయడమే దాని ముఖ్య ఉద్దేశం. తర్వాత అదే ల్యాబ్స్‌లో తయారైన ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఒక్క ఫైల్‌ని ఫోల్డర్‌గా మార్చి, లోపల మనుషులు చదవగలిగే టెక్స్ట్ ఫైల్స్ పెట్టింది. లైనక్స్‌లోకి /ప్రాక్ 1992లో వచ్చింది. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది దాని వారసురాలే.

మీ ఫోన్‌లో మీరే చూడండి

దీనికి రూట్ అవసరం లేదు. టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ఉంటే చాలు. ఇక్కడ కమాండ్లు తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

ముందుగా: క్యాట్ /ప్రాక్/సెల్ఫ్/స్టేటస్

సెల్ఫ్ అనేది ఒక షార్ట్‌కట్. ఎవరు చదువుతున్నారో వాళ్ల ఫోల్డర్‌కే తీసుకెళ్తుంది. ఇక్కడ చదివేది క్యాట్ కమాండ్ కాబట్టి, మొదటి లైన్‌లో నేమ్ దగ్గర క్యాట్ అనే ఉంటుంది. అదే కమాండ్‌ని రెండోసారి ఇవ్వండి. ఈసారి పిడ్ నంబర్ మారిపోతుంది. ఎందుకంటే మొదటి క్యాట్ పని పూర్తి చేసుకుని వెళ్లిపోయింది, ఇది ఇంకో క్యాట్. ఒక ప్రాసెస్ పుట్టడం, పోవడం ఇంత తేలిగ్గా ఇంకెక్కడా కనిపించదు.

ఆ అవుట్‌పుట్‌లో ముఖ్యమైన లైన్లు ఇవి:

• స్టేట్: ఆర్ అని ఉంటే నడుస్తోంది లేదా సీపీయూ కోసం లైన్‌లో ఉంది. ఎస్ అంటే ఏదో ఒకటి జరిగేదాకా నిద్రపోతోంది. డీ అంటే మధ్యలో లేపడానికి వీల్లేని నిద్ర, ఎక్కువగా స్టోరేజ్ కోసం ఎదురుచూసేటప్పుడు వస్తుంది. జెడ్ అంటే జాంబీ, పని అయిపోయినా పేరెంట్ ప్రాసెస్ ఇంకా లెక్క తీసుకోలేదు.

• పీపిడ్: ఈ ప్రాసెస్‌ని పుట్టించిన పేరెంట్ నంబర్. ఆండ్రాయిడ్ యాప్‌లకి పేరెంట్ జైగోట్ అనే ప్రాసెస్. యాప్ తెరవగానే జైగోట్ తన కాపీ ఒకటి తీసి ఇస్తుంది. అందుకే యాప్‌లు అంత త్వరగా తెరుచుకుంటాయి.

• వీఎం ఆర్ఎస్ఎస్: ప్రస్తుతం ర్యామ్‌లో ఉన్న మొత్తం. ఉదాహరణకి 184320 కేబీ అని ఉంటే, 1024తో భాగిస్తే 180 ఎంబీ.

ఈ చివరి లైన్ విషయంలో ఒక జాగ్రత్త. అన్ని యాప్‌ల ఆర్ఎస్ఎస్ కూడితే మీ ఫోన్ ర్యామ్ కంటే ఎక్కువ రావచ్చు. జైగోట్ నుంచి వచ్చిన మెమరీని యాప్‌లన్నీ పంచుకుంటాయి, కానీ ఆర్ఎస్ఎస్ దాన్ని ప్రతి యాప్ ఖాతాలోనూ పూర్తిగా రాస్తుంది. పంచుకున్న మెమరీని పంచుకున్నవాళ్ల సంఖ్యతో భాగించి రాసే లెక్క వేరే ఉంది, దాన్ని పీఎస్ఎస్ అంటారు. యాప్‌లను పోల్చేటప్పుడు నేను పీఎస్ఎస్‌నే చూస్తాను.

మొత్తం చూడబోతే ఏమవుతుంది?

ఇప్పుడు టెర్మక్స్‌లోనే ఎల్ఎస్ /ప్రాక్ అని కొట్టండి. కొన్నింటికి పర్మిషన్ డినైడ్ అని వస్తే కంగారు పడొద్దు. నంబర్లున్న ఫోల్డర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగైదుకి మించి ఉండవు, అవి కూడా అన్నీ టెర్మక్స్‌వే. వాట్సాప్ లేదు, యూట్యూబ్ లేదు, సిస్టమ్ ప్రాసెస్‌లు కూడా లేవు!

అదే ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ షెల్ నుంచి అదే కమాండ్ ఇస్తే వందల్లో నంబర్లు వస్తాయి. ఫోన్ ఒకటే, కెర్నల్ ఒకటే, ఫోల్డర్ కూడా ఒకటే. అడిగే మనిషిని బట్టి సమాధానం మారింది. దోసె అప్పటికప్పుడు వేస్తారు కాబట్టి, ఎవరికి వేయాలో కూడా అప్పుడే నిర్ణయించొచ్చు కదా!

తలుపు ఎందుకు మూశారు?

మొదట్లో లైనక్స్‌లో ఎవరి ప్రాసెస్ వివరాలైనా చాలావరకు ఎవరైనా చదవగలిగేవాళ్లు. "మెమరీ ఎంత వాడుతోందో తెలిస్తే ఏం నష్టం, పాస్‌వర్డ్ కాదు కదా" అని అనిపిస్తుంది. కానీ నష్టం ఉంది.

2012లో సుమన్ జానా, విటాలీ ష్మాటికోవ్ అనే పరిశోధకులు మెమెంటో అనే పేపర్‌లో ఒక విషయం చూపించారు. బ్రౌజర్ ప్రాసెస్ మెమరీ వాడకం ఎలా పెరుగుతోంది, ఎలా తగ్గుతోంది అని /ప్రాక్ నుంచి వరసగా చదువుతూ ఉంటే, అవతలివాళ్లు ఏ వెబ్‌సైట్ తెరిచారో కనిపెట్టవచ్చు. ఒక్కో పేజీ లోడ్ అయ్యే తీరు ఒక్కో వేలిముద్ర లాంటిదన్నమాట.

2014లో ఆండ్రాయిడ్ మీద ఇంకో పరిశోధన వచ్చింది. షేర్డ్ మెమరీ మారే తీరుని బట్టి, ముందున్న యాప్‌లో ఇప్పుడు ఏ స్క్రీన్ తెరిచి ఉందో ఊహించారు. పరీక్షించిన ఏడు పాపులర్ యాప్‌లలో ఆరింటికి 80 నుంచి 90 శాతం సరిగ్గా వచ్చింది. దీనికి కెమెరా, కాంటాక్ట్స్ లాంటి ఏ పర్మిషనూ అవసరం పడలేదు. ఆలోచించండి: మీరు లాగిన్ స్క్రీన్ తెరిచిన క్షణం ఒక దొంగ యాప్‌కి తెలిస్తే, సరిగ్గా అప్పుడే దాని మీద నకిలీ లాగిన్ పేజీ పెట్టేయొచ్చు.

అందుకే గూగుల్ ఒక్కో తలుపూ మూస్తూ వచ్చింది:

• ఆండ్రాయిడ్ 7.0: /ప్రాక్‌ని హైడ్‌పిడ్ 2 అనే ఆప్షన్‌తో మౌంట్ చేశారు. ఈ ఆప్షన్ లైనక్స్ కెర్నల్‌లోకి 2012లోనే, 3.3 వెర్షన్‌తో వచ్చింది. దీనితో వేరే యూజర్ ప్రాసెస్‌ల ఫోల్డర్లు అసలు కనిపించవు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా ప్రతి యాప్‌కీ వేరే యూజర్ ఐడీ ఉంటుంది. కాబట్టి ఏ యాప్‌కి దాని ప్రాసెస్‌లే కనిపిస్తాయి. ఏడీబీ షెల్‌కి మాత్రం ప్రత్యేకమైన గ్రూప్ ద్వారా మినహాయింపు ఇచ్చారు.

• ఆండ్రాయిడ్ 8.0: మొత్తం సీపీయూ వాడకం చెప్పే /ప్రాక్/స్టాట్ ఫైల్ మామూలు యాప్‌లకి మూసేశారు. పాత సీపీయూ మీటర్ యాప్‌లు ఒక్కసారిగా పనిచేయకుండా పోయింది అందుకే.

• ఆండ్రాయిడ్ 10: నెట్‌వర్క్ కనెక్షన్ల వివరాలుండే /ప్రాక్/నెట్ కూడా మూసేశారు.

మరి ర్యామ్ బూస్టర్ సంగతి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఈ రోజుల్లో ఆ యాప్ /ప్రాక్/మెమ్‌ఇన్ఫో చదవగలదు. కాబట్టి మొత్తం ర్యామ్ ఎంత, ఎంత అందుబాటులో ఉంది అనే నంబర్లు నిజమే కావచ్చు. ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల లిస్ట్ కొంతవరకు తెలుసుకోగలదు. మీరు యూసేజ్ యాక్సెస్ ఇస్తే ఏ యాప్ ఎప్పుడు వాడారో కూడా తెలుస్తుంది. కానీ ఈ క్షణంలో ఏ ప్రాసెస్ నడుస్తోంది, ఒక్కోటి ఎంత ర్యామ్ తింటోంది అనేది /ప్రాక్ నుంచి దానికి కనిపించదు. ఆ 34 అనేది నడుస్తున్న ప్రాసెస్‌లని లెక్కపెట్టి చెప్పింది కాదు.

సరే, క్లీన్ చేయడమైనా చేస్తుందా? ఆండ్రాయిడ్ 14 నుంచి, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లని ఆపే ఏపీఐని మామూలు యాప్ పిలిస్తే, ఆ యాప్ సొంత ప్రాసెస్‌లే ఆగుతాయి. పక్క యాప్ జోలికి పోలేదు. ఇక మిగిలిన దారి యాక్సెసిబిలిటీ పర్మిషన్ తీసుకుని, మీ తరఫున సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోర్స్ స్టాప్ నొక్కడం. అంటే స్క్రీన్ మీద ఏముందో చదివి, బటన్లు నొక్కే అధికారం ఇవ్వడం. ర్యామ్ కోసం అంత పెద్ద తాళంచెవి ఎవరికీ ఇవ్వొద్దని నా సలహా.

అసలు ఆ పని చేసేవాళ్లు ఫోన్‌లో ముందే ఉన్నారు. ఏడీబీ షెల్ నుంచి ఏదైనా యాప్ ఫోల్డర్‌లోని ఊమ్ స్కోర్ ఎడ్జ్ అనే ఫైల్ చదవండి. ఇంగ్లీష్‌లో ఆ మూడు మాటలనీ అండర్‌స్కోర్‌తో కలిపి రాస్తారు. మీ కళ్ల ముందున్న యాప్‌కి అది 0 ఉంటుంది. పక్కన పెట్టిన క్యాష్డ్ యాప్‌లకి 900 పైన ఉంటుంది. ర్యామ్ నిజంగా తక్కువైనప్పుడు లో మెమరీ కిల్లర్ ఎక్కువ స్కోర్ ఉన్నవాటిని ముందు తీసేస్తుంది. యాప్ తెరిచి మూసి, ఆ ఫైల్‌ని మళ్లీ మళ్లీ చదివితే నంబర్ మారడం మీరే చూడొచ్చు. ఖాళీ ర్యామ్ తక్కువగా ఉండటం జబ్బేమీ కాదు. క్యాష్‌లో ఉన్న యాప్‌ని బలవంతంగా తీసేస్తే, మళ్లీ తెరిచేటప్పుడు మొదటి నుంచి లోడ్ కావాలి. దానికి బ్యాటరీ కూడా ఖర్చే.

మీకు చిన్న హోంవర్క్

టెర్మక్స్‌లో క్యాట్ /ప్రాక్/మెమ్‌ఇన్ఫో కొట్టి మెమ్‌ఫ్రీ, మెమ్‌అవైలబుల్ రెండూ రాసుకోండి. రెండోది ఎందుకు ఎక్కువ ఉందో ఆలోచించండి. క్లూ: కెర్నల్ అవసరమైతే క్యాష్‌లో చాలా భాగాన్ని వెంటనే వదిలేయగలదు. తర్వాత మీ దగ్గర బూస్టర్ యాప్ ఉంటే అది చూపించే నంబర్‌ని ఈ రెండింటిలో దేనితో పోలుస్తోందో చూడండి. మెమ్‌ఫ్రీని మాత్రమే చూపించి భయపెడుతుంటే, ఆ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయడమే మంచి బూస్ట్.

ఏడీబీ ప్రయోగం అయిపోయాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మర్చిపోకండి. టెర్మక్స్‌కి కనిపించని వందల ఫోల్డర్లు దానికి ఎందుకు కనిపించాయో ఇప్పుడు మీకు తెలుసు కదా!