పదేళ్ల పిల్ల ఒకటో తరగతిలోనా?

ఎడపల్లి నిజామాబాదు నుంచి బోధన్ పోయే దారిలో ఉంది. ఒకప్పుడు చుట్టూ చెరకు చేలు. బీడీలు చుట్టే ఇళ్లూ ఎక్కువే. అమ్మ ఒళ్లో చాట పెట్టుకొని ఆకు కత్తిరిస్తుంది. తంబాకు పోసి చుడుతుంది. వెయ్యికి ఇంత అని కూలి. పక్కన కూతురు దారం కడుతుంటే పని తొందరగా అవుతుంది. మరి కూతురి బడి?

"బీదవాళ్లు పిల్లలను పనికి పంపక ఏం చేస్తారు?" అంటారు చాలామంది. శాంతా సిన్హా ఈ మాట ఒప్పుకోలేదు. ఆమె హైదరాబాదులో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. 1991లో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల కోసం పని మొదలుపెట్టారు. జీతానికి ఉన్న పిల్లల ఇళ్లకు పోయారు. తల్లిదండ్రులకు చదివించాలనే ఉంది! చిక్కు వేరే ఉంది. పదేళ్ల పిల్ల ఆరేళ్లవాళ్ల నడుమ కూర్చుంటుందా? సిగ్గుపడదా?

అందుకని శిబిరాలు పెట్టారు. పిల్లలు అక్కడే తిని, పడుకొని, కొన్ని నెలలు చదివారు. తర్వాత తమ ఈడు పిల్లల తరగతిలో చేరారు. ఊరి యువకులే ఇల్లిల్లూ తిరిగారు. ఆసాములతోనూ మాట్లాడారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

బడికి పోని ప్రతి పిల్లా పనిపిల్లే అన్నది వారి లెక్క. దారం కట్టే పిల్లను మనం అలా అనం. "అమ్మకు సాయం" అంటాం.

మీ వాడలో బడికి పోని పిల్లలు ఎవరెవరు? పేర్లు రాయండి.