చదవనివాడు రాయగలడా?

"నవల రాయాలంటే ఏం చెయ్యాలండీ?" అని ఉత్సాహవంతులైన విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ఏ వేళ రాస్తారు, రోజుకెన్ని పేజీలు రాస్తారు అని ఆరా తీసేవాళ్లూ ఉన్నారు. నాలుగు నవలలు రాసినవాణ్ణి కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది. రాసే వేళ ఎవరి వీలునిబట్టి వారిది. చదివే అలవాటు మాత్రం అందరికీ తప్పనిసరి. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. మన ప్రాంతంతో సంబంధమున్న ముగ్గురు పెద్దల రచనా జీవితం చూసి చెబుతున్నాను.

మొదటివారు రాహుల్ సాంకృత్యాయన్. 1940 మార్చిలో మన పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభకు ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. కాని సభకు కొద్దిరోజుల ముందే ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించింది. 1942 దాకా జైలే. హజారీబాగ్ జైల్లో ఉండగానే "ఓల్గా నుంచి గంగకు" రాశారు. ఇరవై కథల్లో సుమారు ఎనిమిది వేల సంవత్సరాల మానవ చరిత్ర! జైలు గదిలో కూర్చుని అంత ఎలా రాయగలిగారు? అంతకు ముందు ఇరవై ముప్ఫై ఏళ్లు చదివిన చదువే కారణం. బడిలో చదివింది తక్కువ. సంస్కృతం, పాళీ, టిబెటన్ భాషలు పట్టుబట్టి నేర్చుకున్నారు. నాలుగుసార్లు టిబెట్ వెళ్లి, మఠాల్లో మూలపడి ఉన్న గ్రంథాలను కంచరగాడిదల మీద వేయించుకుని తెచ్చారు. పుస్తకాలు దగ్గర లేకపోయినా చదివింది లోపల ఉంది.

రెండోవారు రావిశాస్త్రి. 1922లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో ప్లీడరుగా పనిచేశారు. జేమ్స్ జాయిస్ లాంటి రచయితల పద్ధతిని ఆకళించుకుని "అల్పజీవి" నవల రాశారు. అయితే అందులో మనకి ఐర్లండు వాసన తగలదు. మనుషులు మనవాళ్లు, భయాలు మనవి. కోర్టు చుట్టూ తిరిగే పేదల మాట ఆయన చెవిలో ఉండేది. కళ్లతో పుస్తకాన్ని, చెవులతో జనాన్ని చదివిన రచయిత ఆయన.

మూడోవారు కాళీపట్నం రామారావు మాస్టారు. "యజ్ఞం" వంటి కథ రాసిన మనిషి, తన కథలకంటె ఇతరుల కథల కోసమే ఎక్కువ తిరిగారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. 2021లో ఆయన వెళ్లిపోయారు, ఆ ఇల్లు మనకి మిగిలింది. పలాసలో పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి చూసి రావచ్చు. మనలో ఎంతమందిమి వెళ్లాం?

ఇక నా అలవాట్లు. తెల్లవారుజామున రెండు గంటలు రాస్తాను. రాసింది మర్నాడు పైకి చదువుతాను. చెవికి అతకని వాక్యం కొట్టేస్తాను. జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే అమ్మల మాట, నౌపడ ఉప్పుమళ్ల దగ్గర విన్న మాట, టెక్కలి బస్టాండులో ఎవరో విసుక్కున్న మాట అందులోకి ఎక్కుతాయి. "బేగి రా" అన్న మనిషి చేత "త్వరగా రమ్ము" అనిపిస్తే ఆ మనిషి చచ్చిపోతాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు మన జిల్లావారే కదా!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఉద్దానం కథ ఇంకా రాయవలసింది చాలా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లకి లెక్కలు రాశారు. ఆ తోటని నమ్ముకుని కూతురి పెళ్లి మాటాడుకున్న రైతు గుండె ఏ లెక్కలోకీ ఎక్కదు. మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మంచం మీదున్న భర్త పక్కన కూర్చుని, కూలి పోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఇల్లాలి సంగతీ అంతే. గుజరాత్‌లోని వీరావల్ రేవుకి వేటకి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి సంగతీ అంతే. వార్త మర్నాటికి పాతబడుతుంది. వీళ్లని పదికాలాలు నిలబెట్టేది మంచి నవలే. బయటి నుంచి ఎవరో వచ్చి రాస్తారని కూర్చుంటే ఆ మాట, ఆ యాస వారికి పట్టుబడవు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నెలకి రెండు పుస్తకాలు, ఒకటి మనది, ఒకటి పరాయి దేశానిది, చదవండి. వారానికి ఒకసారి మీ ఊరి పెద్దమనిషి దగ్గర గంటసేపు కూర్చుని, అడ్డు చెప్పకుండా వినండి. రోజుకి ఒక పేజీ రాయండి. అచ్చు కాకపోయినా ఫరవాలేదు. ఉద్దానం నవల రాసే చెయ్యి ఈ కళాశాల లైబ్రరీలోనే ఏదో ఒక పుస్తకం పేజీ తిప్పుతూ ఉండాలని నా ఆశ.